నా ఎడమ చేతి మీద నేను నెగ్గిన వాదం

పోయిన జులై నుంచి దాదాపు రెండు నెలలపాటు నాకు ప్రపంచం కుడివైపు మాత్రమే ఉండేది. ఎడమవైపు చీకటిగా ఉండేదని కాదు, మసకగా ఉండేదనీ కాదు. చీకటైతే చీకటని తెలుస్తుంది. అసలు అటు ఒక వైపు ఉందన్న సంగతే లేదు. మీ వీపు వెనక ఇప్పుడు ఏం కనిపిస్తోందని అడిగితే మీరు నల్లగా ఉందని చెప్పరు కదా, అలాగ.

పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్లు రాసుకున్నవి కొన్ని చదివాను. వాటిలో చివరికి దేవుడో, పసరు మందో, మనిషి పట్టుదలో గెలుస్తుంది. మహిమల మీదా పసరు మందుల మీదా ఈ జిల్లాలో నలభై ఏళ్లుగా వ్యాసాలు రాసి తిట్లు తిన్నవాణ్ణి నేను. మంచం దిగాను కదా అని ఇప్పుడు మాట మార్చను. పట్టుదల గురించి మాత్రం ఒకటి చెప్పాలి. నన్ను కుర్చీకి కట్టేయించింది నా పట్టుదలే. మీ ఇంట్లో ఎవరైనా పడిపోయిన చేతిని పక్కన పెట్టుకుని "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంటే, ఆయన అబద్ధమాడుతున్నాడనీ మొండికేస్తున్నాడనీ అనుకోకండి. జబ్బు ఆ చేతితోపాటు ఆ చేతి కబురును కూడా పట్టుకుపోయి ఉండొచ్చు. ఈ ఒక్క ముక్క మావాళ్లకు జులైలోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో ఏడుపు తప్పేది.

జులై

మాది తాడేపల్లిగూడెం. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. వాన పడుతున్న ఒక ఉదయం పేపరు చదువుకుంటూ కుర్చీలోంచి ఎడమపక్కకు ఒరిగిపోయానట. నా మటుకు నేను నిటారుగానే కూర్చున్నాను, ఇల్లే కొంచెం వాలింది. నా భార్య కామేశ్వరి, ఆవిడ తమ్ముడు సత్యం కలిసి నన్ను ఏలూరులో ఒక ఆసుపత్రికి చేర్చారు.

మాట పోలేదు. "మాట దక్కింది, అదృష్టవంతులు మాస్టారూ" అని చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అన్నారు. మావాళ్లకు అసలు కష్టం ఆ మాటతోనే వచ్చింది. సెలైను సీసా దగ్గర్నుంచి సీలింగ్ ఫ్యాను దాకా అన్నిటి మీదా నేను అనర్గళంగా మాట్లాడేవాణ్ణి. నా ఎడమ చెయ్యీ కాలూ పనిచేయడం లేదన్న ఒక్క సంగతి తప్ప అన్నీ నాకు తెలుసు.

నాలుగో రోజు సత్యాన్ని అడిగాను. "ఏమోయ్, మీ అక్క ఒక్కసారైనా ఇటు తొంగి చూసిందా?"

సత్యం నా తల మీదుగా అవతలికి చూశాడు. "అదేంటి బావగారూ, అక్క..." అని ఆగిపోయాడు.

వాళ్లక్క నాలుగు రోజులుగా మంచానికి ఎడమవైపు స్టూలు మీద కూర్చుని ఉంది. నా ఎడమ చెయ్యి ఆవిడ ఒళ్లో ఉంది. ఇదంతా సత్యం తర్వాత చెప్పాడు. ఆవిడ లేచి, మంచం చుట్టూ తిరిగి, కుడివైపుకు వచ్చింది.

"ఇదిగోనండీ, ఇప్పుడే వచ్చాను" అంది.

"ఇప్పుడా రావడం?" అన్నాను. ఆ మాట అన్నట్టు నాకు బాగా గుర్తు. మరిచిపోయి ఉంటే బాగుండేది.

అన్నం సంగతీ అంతే. పళ్లెంలో కుడి సగం ఖాళీ చేసి "కూర వెయ్యలేదేం?" అని విసుక్కునేవాణ్ణి. కామేశ్వరి పళ్లేన్ని సగం తిప్పేది. వంకాయ కూర ప్రత్యక్షమయ్యేది. గాలిలోంచి వస్తువులు ప్రత్యక్షం చేసేవాళ్ల వెంటపడి జీవితం గడిపినవాణ్ణి, ఆ కూర ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కనాడూ అడగలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు వరండాలో కామేశ్వరితో అన్నది ఇది. "బలం కొంత తిరిగొస్తుందమ్మా. కాని తన ఎడమ పక్క పనిచేయడం లేదని ఆయనకు తెలియాలి. తెలియనంతకాలం లేచి నడిచేస్తానంటారు, పడతారు. నడక నేర్పడానికి ఈ మొదటి నెలలే విలువైనవి."

ఇంటికి రాగానే వీధి వీధంతా వచ్చింది. ఫలానా ఊళ్లో పసరు పోస్తారని ఒకరు, మంత్రించిన నూనె తెచ్చిస్తామని ఇంకొకరు. కామేశ్వరికి దేవుడంటే నమ్మకం. రోజూ దీపం పెట్టి గంట కొట్టందే పచ్చి మంచినీళ్లు ముట్టదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి ఆవిడ అన్నమాట నేను లోపల్నుంచి విన్నాను. "ఆయన ఒంట్లో బాగున్నప్పుడు వద్దన్నదాన్ని, బాగోలేని సమయం చూసి మింగించనండీ."

నలభై ఏళ్లలో నా సిద్ధాంతాన్ని నాకంటే నిజాయితీగా నిలబెట్టిన మనిషి ఆవిడ.

ఆగస్టు

వ్యాయామం చేయించడానికి భవాని అనే అమ్మాయి వచ్చేది. కొల్లేటికోట పిల్ల. తండ్రి చేపల చెరువుల మీద పనిచేస్తాడు. భవాని ఫిజియోథెరపీ చదివి, మా ఊళ్లోనే ఒక థెరపీ సెంటరులో పనిచేస్తూ హాస్టల్లో ఉంటోంది. గల్ఫ్‌లో ఉద్యోగం రావాలంటే లైసెన్సు పరీక్ష ఒకటి నెగ్గాలట. ఆ పరీక్ష కోసం ఇటుకంత లావు ప్రశ్నల పుస్తకం సంచిలో వేసుకు తిరిగేది.

మొదటి రోజే నా ఎడమ చెయ్యి ఎత్తి నా కళ్ల ముందుకు తెచ్చింది.

"మాస్టారూ, ఇది ఎవరి చెయ్యండీ?"

నేను పరిశీలనగా చూశాను. ముడతలు పడిన చెయ్యి, వయసు మళ్లినవాడిది. "మా సత్యానిది" అన్నాను.

"నావి రెండూ నా దగ్గరే ఉన్నాయి బావగారూ!" అని మూలనుంచి సత్యం రెండు చేతులూ ఎత్తి చూపించాడు. కామేశ్వరి నవ్వబోయి లోపలికి వెళ్లిపోయింది.

భవాని వదల్లేదు. "పోనీ మీ చెయ్యి ఒకసారి ఎత్తండి, చూద్దాం."

"ఎత్తాను."

"ఎత్తలేదండీ."

"ఎత్తాను. నువ్వు చూడలేదు."

"చూస్తూనే ఉన్నానండీ."

"అయితే అలిసిపోయి ఉంటుంది. ఉదయం నుంచి పనిచేస్తూనే ఉంది. అయినా నా చెయ్యి సంగతి నాకు తెలుస్తుందా, నీకు తెలుస్తుందా? కదలదని అంటున్నది నువ్వు. రుజువు చేయాల్సిన బాధ్యత నీదే."

ఇరవై అయిదేళ్ల పిల్ల, డెబ్భై దాటిన తార్కికుడు. ఆ వారమంతా నేనే నెగ్గాను.

ఆ పిల్ల చదివి వినిపిస్తుంటే ఆ పుస్తకం నాకు నచ్చింది. అందులో ప్రతి ప్రశ్నా ఒక మనిషి కథే. ఫలానా వయసు మనిషి, ఫలానా నొప్పితో వచ్చాడు, ఇలా అన్నాడు, మీరు ముందుగా ఏం చేస్తారు? కింద నాలుగు జవాబులు.

"నాలుగింట్లో రెండు తప్పని తెలిసిపోతుందండీ" అనేది భవాని, నా మోకాలు వంచి చాపుతూ. "మిగతా రెండూ కరెక్టే. ఏది ముందన్నదే ప్రశ్న. నాకు అక్కడే పోతున్నాయి మార్కులు. నేనెప్పుడూ పేషెంటుకు నచ్చజెప్పడం ముందంటాను. జవాబుల కీలో అది ఉండదు."

నన్ను ప్రశ్నలు పైకి చదవమనేది. నేను చదివేవాణ్ణి. అన్నీ మొండి ప్రశ్నలు. వాక్యానికి తల ఉండదు, నడుమునుంచి మొదలవుతుంది. జవాబులకు అంకెలుండవు. వ్యాసాలకు ప్రూఫులు దిద్దుకున్న జీవితం నాది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత అధ్వాన్నంగా పుస్తకం వేసి పిల్లల దగ్గర డబ్బు గుంజుతున్నారని ప్రచురణకర్తలకు ఒక ఘాటైన ఉత్తరం సత్యం చేత రాయించాను. సత్యం రాశాడు గాని పోస్టు చేయలేదు. భవాని మాత్రం పేజీకి ఎడమ అంచున పై నుంచి కిందికి ఎర్ర సిరాతో లావుగా ఒక గీత గీసింది.

"ఈ గీత కనపడేదాకా కళ్లు అటు జరపండి మాస్టారూ. గీత కనపడ్డాకే చదవడం మొదలుపెట్టండి."

"ఏ గీత?" అన్నాను.

కొల్లేటి పిల్ల కనుక నా పాత కథ ఒకటి చెప్పాను. కాలు ఆమె చేతుల్లో ఉంటే నోరు ఖాళీగానే ఉంటుంది కదా. మా కుర్రతనంలో ఆకివీడు స్టేషన్లో రైలు దిగి, నడిచి, పడవెక్కి సరస్సులోకి వెళ్లేవాళ్లం. అప్పుడు ఇన్ని చెరువు గట్లు లేవు. పడవవాడు గడ వేస్తుంటే నాలుగు దిక్కులా నీళ్లే. తామరాకుల కింద చేపలు కదిలితే ఆకులు తలలూపేవి. అక్కడ ఒక లంకలో ఒక స్వామి వెలిశాడు. చూపుతో పడవను ఆపేస్తానని ప్రచారం. నేనూ నా స్నేహితులు ముగ్గురూ వెళ్లి ఆపమన్నాం. జనం చేరారు. పడవ వెళ్లింది, ఆగలేదు. స్వామి గాలి బాగోలేదన్నాడు. మళ్లీ పడవ నడిపాం. అలిసిపోయానన్నాడు. మూడోసారి, అనుమానించేవాళ్ల ఎదుట శక్తి పనిచేయదన్నాడు. చివరికి మరీ నిలదీస్తే...

"ఏమన్నాడండీ?" అంది భవాని, నా కాలు వంచడం ఆపి.

"'ఆపాను, మీరు చూడలేదు' అన్నాడు!"

నేను నవ్వాను. భవాని నవ్వలేదు. నా ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. కథ రుచి తెలియని పిల్ల అనుకున్నాను.

సెంటరుకు వారానికి రెండుసార్లు తీసుకెళ్లేవారు. అక్కడ హాల్లో బెంచీల మీద ఎదురుచూడాలి. నల్లజర్ల నుంచి ఒక రైతు వచ్చేవాడు. ఆయనకు కుడి పక్క పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. నేను ఆయనకు క్రమశిక్షణ గురించీ ధైర్యం గురించీ ఉపన్యాసాలిచ్చాను. ఆయన శ్రద్ధగా వినేవాడు. కుర్రాడు టీలు తెచ్చి నా ఎడమవైపు బల్ల మీద పెట్టిపోతే, ఆయన పనిచేసే చేత్తో నా గ్లాసు తీసి, నా ముందునుంచి జరిపి కుడివైపు పెట్టేవాడు. ప్రతిసారీ. ఆయనకు మాట లేదు, అన్నీ తెలుసు. నాకు మాట ఉంది, అంతే. టీ ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండానే నేను తాగేవాణ్ణి.

ఆగస్టు మూడో వారంలో పడ్డాను. పుస్తకాల బీరువా దాకా వెళ్లొద్దామనిపించింది. వెళ్లాలనుకుంటే వెళ్లే మనిషిని. లేచాను. కామేశ్వరి పరుగెత్తుకొచ్చి పట్టుకోబోయింది. నా బరువుకు ఆవిడ మణికట్టు బెణికింది. నా నుదురు చిట్లింది. "నువ్వు అడ్డొచ్చావు కాబట్టి పడ్డాను" అన్నాను.

ఆ సాయంత్రం ఆవిడ నా ఖద్దరు కండువా తెచ్చింది. ఎన్నో సభల్లో ఆ కండువాతోనే వేదికలెక్కాను. దాన్ని నా నడుం చుట్టూ తిప్పి, కుర్చీ వెనక ముడేసింది. బెణికిన చేత్తో వేసింది కనుక ముడి సరిగా పడక రెండుమూడుసార్లు విప్పి మళ్లీ వేసింది. నేను అరిచాను. మానవ హక్కుల గురించి మాట్లాడాను. ఆవిడ తల ఎత్తలేదు.

వసారాలో సత్యం గొంతు వినిపించింది. "అక్కా, ఏలూరులో ఇలాంటివాళ్లని చూసుకునే చోటు ఒకటుందిట. మంచం దిగనివ్వరుట. పడడమన్న భయం ఉండదు. నీ చెయ్యి చూడు ఎలా వాచిపోయిందో."

కామేశ్వరి అంది. "ఒక్క వారం చూద్దాంరా. తర్వాత నువ్వన్నట్టే."

సెంటరులో భవాని పైన ఉన్న సీనియరు కూడా అదే వారం చెప్పాడట. పేషెంటు సహకరించడం లేదని రాసి ఫైలు మూసెయ్యమని. ఆమె ఇంకా రాయలేదు. అంటే నేను మళ్లీ నడవడమా, ఏలూరులో ఒక మంచానికి అప్పగింతలా అన్నది ఆ ఏడు రోజుల్లో తేలాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, వసారాలో మాటలు విన్నా అవి నా గురించేనని తోచని నాకు తప్ప.

ఆగస్టు చివర

భవాని కామేశ్వరి మణికట్టుకు కట్టు కడుతూ అడిగిందట. "మాస్టారు కుర్రతనంలో ఎవరి మాటైనా వినేవారాండీ?"

"ఆయనా? గంట మాట తప్ప ఇంకెవరి మాటా వినేవారు కాదమ్మా" అని కామేశ్వరి నవ్వి, ఆ గంట సంగతి చెప్పింది.

దాన్ని నేనే చెబుతాను. తలుచుకుంటే ఇప్పటికీ ముక్కులోకి ఉన్ని వాసన వస్తుంది. ఏలూరులో కాలవ గట్టున తివాచీల కొట్టు ఒకటుండేది. దాని మేడమీద గదిలో ప్రతి శనివారం సాయంత్రం మా చర్చాగోష్ఠి. చుట్టచుట్టిన తివాచీలే మా కుర్చీలు. మా నియమం ఒకటే. ఒక విషయం మీద నువ్వు ఎంత గట్టిగా వాదిస్తున్నా, మధ్యలో అధ్యక్షుడు గంట కొడితే, ఆ క్షణంనుంచి అవతలివాడి వాదం నీది, నీ వాదం వాడిది. మనస్ఫూర్తిగా వాదించాలి. తూతూమంత్రంగా చేస్తే వచ్చేవారం ప్రవేశం లేదు. దేవుడు లేడని అరగంట వాదించి, గంట మోగగానే ఉన్నాడని అరగంట వాదించేవాణ్ణి. మా గొంతులు విని కింద కొట్టు యజమాని "ఇవాళ దేవుడు ఉన్నాడా లేడా అండీ?" అని మెట్ల మీదనుంచి అడిగేవాడు. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

గంట మా నాన్నగారిది. ఆయన నల్లజర్లలో పౌరోహిత్యం చేసేవారు. పూజ గంట నేను ఎత్తుకెళ్తున్నానని పట్టుకున్న రోజున వీపు చిట్లుతుందనుకున్నాను. ఆయన కాసేపు చూసి, "ఎవడు కొట్టినా మోగుతుంది. ఆదివారం పొద్దున్నకల్లా తోమి తెచ్చి పెట్టు" అన్నారు. ఆయనతో నేను వెయ్యి వాదాలు చేశాను. ఆ ఆదివారం పొద్దున్న మాత్రం వాదించకుండా గంట తోమి పెట్టాను. ఆయన పోయాక గంట కామేశ్వరి దేవుడి గూట్లోకి వచ్చింది.

మర్నాడు భవాని రోజూలా చెయ్యి ఎత్తమనలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాస్టారూ, మీరు నెగ్గారండీ. మీ చెయ్యి కదులుతోంది. ఒప్పుకుంటున్నాను."

గుమ్మంలో ఉన్న కామేశ్వరి దేవుడి గూటి దగ్గరకు వెళ్లింది. నేను దర్జాగా తలూపాను.

అప్పుడు మోగింది గంట. కామేశ్వరి దేవుడి గూటి ముందు నిలబడి, బాగున్న చేత్తో మా నాన్నగారి గంట ఎత్తి కొట్టింది. రోజూ పూజలో వినే మోతే, కాని వాదం మధ్యలో విని యాభై ఏళ్లయింది. అది నా వెన్నులో నిటారుగా నిలబడింది.

"గంట అయిందండీ" అంది భవాని. "ఇప్పుడు కదులుతుందన్న వాదం నాది. కదలదని మీరు వాదించాలి. మనస్ఫూర్తిగా వాదించాలటగా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. జబ్బు పడ్డాక ఒకరు నన్ను వాదానికి పిలవడం అదే మొదలు. గొంతు సవరించుకున్నాను.

"సరే. చెయ్యి కదులుతుందంటావు. కదిపి చూపించు."

"కదిపానండీ. మీరు చూడలేదు."

"చూడలేదా? ఇంతమంది సాక్షులున్నారు. మళ్లీ కదుపు!"

"ఇప్పుడు అలిసిపోయిందండీ."

"అలసట! ప్రతి మోసగాడికీ పరీక్ష వేళకే అలసటొస్తుంది."

"మీలాగ అనుమానంగా చూస్తుంటే కదపబుద్ధి కాదండీ."

"చూడమ్మాయ్, అనుమానిస్తే పోయే శక్తి శక్తి కాదు. మాటలొద్దు. పరీక్ష పెడదాం." నేను మంచి ఊపులో ఉన్నాను. "ఒక పళ్లెంలో రెండు గ్లాసుల నిండా వేడి టీ పోసి ఆ మనిషికివ్వండి. రెండు చేతులున్నవాడైతే రెండు వైపులా పట్టుకుంటాడు. ఒక్క చుక్క ఒలకదు. ఒక చెయ్యే ఉన్నవాడైతే అక్కడే తేలిపోతుంది."

"ఒప్పుకున్నానండీ" అంది భవాని. లోపలికి వెళ్లి పళ్లెం తెచ్చింది. నా నడుంచుట్టూ కండువా ముడి ఒకసారి సవరించింది. పళ్లెం నాకు అందించింది.

నేను దాన్ని రెండు చేతులతో అందుకున్నాను.

పళ్లెం ఎడమవైపు ఒరిగిపోయింది. రెండు గ్లాసులూ నా ఒళ్లో పడ్డాయి. చల్లటి నీళ్లు.

నేను ఖాళీ పళ్లేన్ని చూశాను. అది నా కుడి చేతిలో వేలాడుతోంది. రెండో అంచు ఎవరి చేతిలోనూ లేదు. "కదిపాను, మీరు చూడలేదు." ఈ మాట నేను ఎక్కడో విన్నాను. లంకలో, జనం మధ్య, గడ్డం తడుముకుంటూ ఒకడు అన్నాడు. ఆ తర్వాత అదే మాట ఇంకెవరో అన్నారు. ఈ గదిలోనే, ఈ కుర్చీలోంచే. ఆ గొంతు కోసం వెతుక్కుంటూ వెళితే అది నా గొంతు.

"నా చెయ్యి కదలదు" అన్నాను.

వాదంగా అనలేదు. భవాని తల వంచుకుంది. రెండు నెలల ఆలస్యంగా నాకు భయం వచ్చింది. ఆసుపత్రిలో మొదటి రోజు రావాల్సిన భయం మొత్తం ఒక్కసారిగా వచ్చింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. కామేశ్వరి దగ్గరకొచ్చింది. గంట ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. మళ్లీ మోగకుండా దాని నాలుకను వేళ్లతో గట్టిగా పట్టుకుని ఉంది.

జీవితంలో నేను అంత తిరుగులేకుండా నెగ్గిన వాదం ఇంకొకటి లేదు. అంత ఓడిపోయిందీ లేదు.

ఇక్కడ నా వృత్తిధర్మం ఒకటి చెప్పాలి. గంటతో జబ్బు నయమైందని ఎవరూ రాసుకోకండి. అప్పటికి మెదడు తనంతట తానే కోలుకుంటూ ఉండొచ్చు. ఇంకో వారం ఆగితే ఆ ఎరుక దానంతటదే వచ్చేదేమో. ఒక్క ఉదాహరణ రుజువు కాదు. భవానీ అదే అంది. "ఇంకొకరికి పనిచేస్తుందని నేను ఎక్కడా చెప్పనండీ. ఎలా చెబితే మీరు వింటారో అని చూశానంతే." పైగా మర్నాడు పొద్దున్న లేచి నేను మళ్లీ నా చెయ్యి భేషుగ్గా ఉందన్నాను. నాలుగైదు రోజులు గంట కొట్టాల్సొచ్చింది. ఆ తర్వాత ఆ ఎరుక రాత్రి నిద్రపోయినా పొద్దున్నకు మిగిలి ఉండడం మొదలైంది.

సత్యం ఏలూరు మాట మళ్లీ ఎత్తలేదు. భవాని ఫైలు మూయలేదు.

సెప్టెంబరు నుంచి

నడక నేర్చుకోవడం గురించి ఎక్కువ రాయను. కుర్చీకి కట్టిన కండువానే భవాని నా నడుంచుట్టూ బిగించి, వెనక కొసలు తన పిడికిట్లో పట్టుకుంది. ఆ పట్టుతో వసారాలో నాలుగు అడుగులు, తర్వాత పది, తర్వాత వీధి గుమ్మం దాకా. మొదట్లో నా నడక కుడివైపుకు గుండ్రంగా తిరిగిపోయేది. "ఒకే వైపు గడ వేస్తే మా నాన్న పడవ ఇలాగే తిరుగుతుందండీ" అని నవ్వేది.

కామేశ్వరిని ఎడమవైపు కూర్చోమంది భవాని. కుడివైపు కూర్చుంటే నేను అటు చూడనే చూడనట. పళ్లెం కూడా తిప్పొద్దంది. "ఆయన్నే వెతుక్కోనివ్వండి." అది కామేశ్వరికి కష్టమైంది. కూర కోసం నేను తడుముకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఆవిడకు ఈ జబ్బులో అన్నిటికంటే పెద్ద వ్యాయామం.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం నేను భవాని పుస్తకం తెరిచి చూస్తుంటే, పేజీ ఎడమ అంచున ఎర్రగా ఏదో కనిపించింది.

"ఈ పుస్తకం బాగానే వేశారే" అన్నాను.

"ఆ ఉత్తరం పోస్టు చేయకపోవడం మంచిదైంది బావగారూ" అన్నాడు సత్యం.

డిసెంబరు

భవాని పరీక్ష రాసింది, నెగ్గింది. గల్ఫ్ వెళ్లేముందు మమ్మల్ని కొల్లేటికోట రమ్మంది. కారు ఆకివీడు దాటాక రెండు పక్కలా చేపల చెరువులే, లారీలే. నా కుర్రతనంలో చూసిన నీళ్లు ఎక్కడని వెతుక్కున్నాను. చివరికి వాళ్ల ఊరి దగ్గర కొంత మిగిలి ఉంది. అంత వెడల్పు లేదు. కాని వాసన అదే, పాచి వాసనా తామర వాసనా కలిసి.

వాళ్ల నాన్న గట్టుకూ పడవకూ మధ్య పలక వేశాడు. కండువా నడుముకు చుట్టుకున్నాను. కొసలు భవాని పిడికిట్లో. కర్ర కుడి చేతిలో. పలక మీద నాలుగడుగులు వేసి పడవలో కూర్చున్నాను.

"పరీక్షలో నాలాంటివాడు వచ్చాడా?" అని అడిగాను, పడవ కదిలాక.

"వచ్చాడండీ! ఎడమ పక్క పడిపోయింది, పడిపోలేదంటున్నాడు, లేచి వెళ్తానంటున్నాడు. ముందుగా ఏం చేస్తారు?"

"ఏం పెట్టావు? నచ్చజెబుతాననేనా?"

"లేదండీ. ముందు పడకుండా, దెబ్బ తగలకుండా చూడాలి. నచ్చజెప్పడం ఆ తర్వాత." నవ్వింది. "ఆ రోజు మీరు పళ్లెంలో వేడి టీ అడిగారు. గుర్తుందాండీ? నేను చన్నీళ్లు పోసి తెచ్చాను. పరీక్ష హాల్లో నాకు ఆ పళ్లెమే కళ్ల ముందుకొచ్చింది."

నేను ఆ రోజు ముడి సవరించడం చూశాను, గ్లాసుల్లో ఏముందో చూడలేదు. వాదం నెగ్గే తొందరలో ఉన్నాను. ఇంతకాలం నా వాదాల్లో నేను ఎంతమందికి వేడి టీ అందించానో, ఏ చెయ్యి లేనివాళ్లకు అందించానో ఆ పడవలో కూర్చుని లెక్కవేసుకోబోయి మానేశాను.

భవాని వాళ్ల నాన్న ఇటు నాలుగు, అటు నాలుగు గడ వేస్తున్నాడు. పడవ తిన్నగా పోతోంది. ఆయన గడ ఆపి, "అదిగోనండీ గూడబాతులు" అన్నాడు. ఎటువైపో చెప్పలేదు. కుడివైపు చూశాను, నీళ్లు. మెడ తిప్పాను. ఎర్ర గీత కోసం తిప్పినట్టు, ఇంకా, ఇంకా ఎడమవైపుకు.

గూడబాతులు తర్వాత కనిపించాయి. ముందు కామేశ్వరి కనిపించింది. నా ఎడమ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ వేళ్లు కొంచెం ముడుచుకుని ఆవిడ వేళ్లను పట్టుకుని ఉన్నాయి. అంత బలం ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

"నువ్వు ఎప్పుడొచ్చావు?" అన్నాను. నవ్వించడానికే అన్నాను.

ఆవిడ పక్షులనే చూస్తూ చెప్పింది.

"జులై నుంచీ ఇక్కడే ఉన్నానండీ."